ఒబామా వూరి చేప భోజనం

ఒక వూరి చరిత్ర తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, పుస్తకం చదవడం. రెండోది, ఆ వూళ్ళో విస్తరి ముందు కూర్చుని, వడ్డించిన ప్రతి పదార్థాన్నీ “నువ్వు ఎక్కణ్ణించి వచ్చావు? ఎలా వచ్చావు?” అని అడగడం. ఈ నెల మనం రెండో దారిన పోదాం. మీలో చేప తిననివారుంటే, వారు కూడా మాతో రావచ్చు. ప్రశ్నలు అడగడానికి చేప తినవలసిన పని లేదు.

జపాను దేశపు పటం తెరవండి. అక్కడి దీవులన్నిటిలోకీ పెద్దదాని పేరు హొన్షూ. జపాను సముద్రం వైపున వున్న దాని ఒడ్డు వెంట వేలుతో రాసుకుంటూ పోతే, ఒకచోట సముద్రం నేలలోకి చొచ్చుకు వచ్చినట్టు కనిపిస్తుంది. అది వకాసా అఖాతం. ఆ అఖాతం ఒడ్డున, ఫుకుయి జిల్లాలో, ఒబామా అనే చిన్న పట్నం వుంది. జనాభా 30 వేల లోపు. ఆ పేరుకు జపాను భాషలో “చిన్న సముద్రతీరం” అని అర్థం. అమెరికా అధ్యక్షుడుగా పనిచేసిన ఒబామాగారికీ ఈ వూరికీ చుట్టరికం ఏమీ లేదు. అయినా 2008లో ఆయన ఎన్నికలో గెలిచినప్పుడు, ఈ వూరి వాళ్ళు తమ ఇంటి అబ్బాయి గెలిచినంతగా సంబరపడ్డారు.

ఇక్కడ పాతకాలపు పద్ధతిలో నడిచే ఒక చేపల భోజనశాలకు వెళ్ళామనుకుందాం. గుమ్మానికి అడ్డంగా ఒక గుడ్డ వేలాడుతూ వుంటుంది. దాన్ని నోరెన్ అంటారు. అది బయట కట్టి వుంటే లోపల భోజనం దొరుకుతుందన్న మాట. వేళ అయిపోగానే దాన్ని విప్పి లోపల పెట్టేస్తారు. ఆ గుడ్డను చేత్తో పక్కకు తప్పించి అడుగు పెట్టామో లేదో, “ఇరష్షైమసే!” అని గట్టిగా కేక వినిపిస్తుంది. బెదరకండి. “దయచేయండి” అని దాని అర్థం.

గట్టు ఎక్కే ముందు చెప్పులు విడవాలి. ఇది మనకు కొత్త కాదు. విడిచిన చెప్పుల మొనలు గుమ్మం వైపుకు తిప్పి పెట్టడం వాళ్ళ మర్యాద. గట్టు మీద తాతామి అనే మందపాటి చాపలు పరిచి వుంటాయి. మన తుంగచాప లాగే అవి కూడా గడ్డితో నేసినవే. పొట్టి బల్ల ముందు చిన్న మెత్త మీద కూర్చోవాలి. కూర్చోగానే తడిపి పిండిన తువ్వాలు తెచ్చి ఇస్తారు. అది చేతులు తుడుచుకోవడానికి.

తరవాత పళ్ళెం వస్తుంది. మన ఇళ్ళలో లాగా పప్పు, కూర, పులుసు, మజ్జిగ అని వరసలు లేవు. అన్నీ ఒక్కసారే వస్తాయి. ఒక గిన్నెలో తెల్లని అన్నం. మూత పెట్టిన మరో గిన్నెలో మిసో చారు. మిసో అంటే సోయా చిక్కుళ్ళను వుడికించి, ఉప్పు కలిపి, బూజుతో పులియబెట్టిన ముద్ద. మధ్యలో కాల్చిన చేప. పక్కన గోధుమరంగులో పల్చని ముక్కలు రెండు మూడు. ఒక చిన్న గిన్నెలో ఊరబెట్టిన కూరగాయలు. వేడి తేనీరు.

తినడానికి ముందు అందరూ చేతులు జోడించి “ఇతదకిమసు” అంటారు. “వినయంగా స్వీకరిస్తున్నాను” అని అర్థం. ఈ మాట వండినవారికే కాదు. పట్టినవారికీ, పండించినవారికీ, మన ఆకలి తీర్చడానికి ప్రాణం పోగొట్టుకున్న చేపకూ చెందుతుందని జపానులో పెద్దలు పిల్లలకు నేర్పుతారు. తిన్నాక “గోచిసోసామా” అని మళ్ళీ కృతజ్ఞత చెపుతారు.

ఇప్పుడు ప్రశ్నలు మొదలుపెడదాం. మొదటి ప్రశ్న చేతిలో వున్న పుల్లలకే.

ఈ పుల్లలు ఈ వూరివే. జపానులో తయారయే లక్క పూసిన పుల్లలలో నూటికి 80కి పైగా ఒబామాలోనే తయారవుతాయి. సుమారు 400 ఏళ్ళ కిందట ఇక్కడ ఈ లక్కపని మొదలయింది. గవ్వచిప్పల తునకలూ గుడ్డు పెంకులూ లక్కలో పొదిగి, పొర మీద పొర పూసి, తరవాత నునుపుగా అరగదీస్తారు. అప్పుడు లోపలి తునకలు మెరుస్తూ బయటపడతాయి. చూస్తే తేటనీళ్ళలోంచి సముద్రపు అడుగు కనిపించినట్టే వుంటుంది.

పుల్లలతో తినేటప్పుడు రెండు పనులు చెయ్యకూడదు. వాటిని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలో మాత్రమే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ముక్క అందించకూడదు. దహనం అయాక అస్థులు ఏరేటప్పుడు బంధువులు అలా చేస్తారు. ఈ కారణాలు తెలిస్తే ఆ నియమాలు మరి మరచిపోలేం.

రెండో ప్రశ్న చారుకు. మూత తీయగానే కమ్మని వాసన వస్తుంది. గిన్నెను రెండు చేతులా ఎత్తి తాగాలి. మాంసం వెయ్యలేదు, నెయ్యి వెయ్యలేదు. మరి ఈ రుచి ఎక్కడిది? చారు పెట్టే నీళ్ళలో ముందుగా కొంబు అనే ఎండబెట్టిన సముద్రపు నాచును నానవేస్తారు. ఎండు చేప తురుము కూడా వేస్తారు. కొంబు చాలా దూరాన, ఉత్తరాన హొక్కైడో దీవి దగ్గర పెరుగుతుంది. తెరచాప ఓడలు దాన్ని ఈ తీరం వెంట దక్షిణానికి మోసుకు వచ్చేవి. ఒబామా ఆ ఓడలు ఆగే రేవు.

1908లో తోక్యోలో ఇకెదా కికునాయె అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు ఈ చారు సంగతి తేల్చాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు కాని రుచి ఒకటి ఇందులో వుందని ఆయనకు తోచింది. ఆయన కొంబును మరిగించి, అందులోని పదార్థాలను వేరుచేసి, ఆ రుచికి మూలం గ్లూటమేట్ అనే లవణమని కనిపెట్టాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాలో కూడా ఇది వుంది. మీ అమ్మగారు పప్పులో పండు టమాటా వేసినప్పుడు వచ్చే కమ్మదనంలో దీనికీ వాటా వుంది.

ఇక మూడో ప్రశ్న, అన్నిటికన్నా పెద్దది, చేపకు.

ఈ చేపను జపానులో సబా అంటారు. ఇంగ్లీషువారు మాకెరెల్ అంటారు. దీనికి తెలుగునాట చుట్టాలున్నారు. మన కోస్తాలో కానాగంత, కనగర్త అని పిలిచే చేపది ఈ కుటుంబమే. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నంలో వుండి, అక్కడి రేవుకు వచ్చిన చేపల బొమ్మలు గీయించి, 200 రకాలను వర్ణిస్తూ గ్రంథం రాశాడు. అది 1803లో అచ్చయింది. అందులో చేపల స్థానిక నామాలు కూడా రాశాడు. అలా మన బెస్తవారు వాడిన మాటే శాస్త్రానికి ఎక్కింది. ఈనాటికీ ప్రపంచంలోని శాస్త్రజ్ఞులందరూ మన చేపను “రాస్ట్రెల్లిగెర్ కనగుర్త” అనే అంటారు.

సబా వీపు నీలం, దాని మీద నల్లని అలల గీతలు. పొట్ట వెండిలా తెలుపు. పైనుంచి చూసే పక్షికి ఆ వీపు సముద్రపు నీటిలో కలిసిపోతుంది. కిందనుంచి చూసే పెద్ద చేపకు ఆ పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. శత్రువులను తప్పించుకోవడానికి దానికి అంత మంచి చొక్కా వుంది.

కాని పట్టిన తరవాత దాన్ని నిలవ వుంచడం మహా కష్టం. సబా మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేపను వెచ్చగా వుంచితే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమైన్‌గా మారుస్తాయి. అది తింటే ఒళ్ళు దద్దురులెక్కి, తలనొప్పి, వాంతులు వస్తాయి. ఒకసారి అది పుట్టాక ఎంత వండినా పోదు. ఇవాళ మంచు వుంది కాబట్టి చేపను చల్లగా వుంచవచ్చు. మంచుపెట్టె లేని కాలంలో ఏం చేసేవారు?

అప్పుడు రాజధాని క్యోటో నగరం. దానికి దగ్గరలో సముద్రం లేదు. ఒబామా నుంచి క్యోటో సుమారు 70 కిలోమీటర్లు, మధ్యలో కొండలు. పట్టిన సబాను వెంటనే శుభ్రం చేసి ఉప్పు పట్టించేవారు. కావళ్ళలోనూ వీపు మీదా మోసుకుని మనుషులు పగలూ రాత్రీ కొండదారిన నడిచేవారు. నడిచినంత సేపూ ఉప్పు చేపలోకి దిగుతూనే వుండేది. క్యోటో చేరేసరికి చేప సరిగ్గా తినడానికి అనువుగా ఊరి వుండేది. క్యోటోవారు దాన్ని అన్నంతో కలిపి సుషి చేసుకుని పండుగలలో తినేవారు, ఇప్పటికీ తింటారు. ఆ దారులకు సబా కైదో, అంటే సబా బాట, అని పేరు. ఆ బాట మీది కుమగవా అనే మజిలీ వూరు ఇప్పటికీ పాత ఇళ్ళతో నిలిచి వుంది.

ఉప్పు ఏం చేస్తుందో మీరే చూడవచ్చు. ఒక దోసకాయ ముక్క కోసి, దాని మీద చిటికెడు ఉప్పు చల్లి, పావుగంట ఆగండి. ముక్క మీద నీళ్ళు వూరతాయి. అంత నీరూ ముక్కలోదే. చేపలోనూ ఇంతే. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు బతకడానికి నీరు కావాలి. నీరు తగ్గితే వాటి ఆట కడుతుంది.

ఈ తీరం నుంచి రాజధానికి సరుకు పోవడం ఇంకా పాత సంగతి. 8వ శతాబ్దంలో నారా రాజధానిగా వున్నప్పుడు, వకాసా నుంచి వెళ్ళిన ఉప్పు మూటలకూ సముద్రపు సరుకులకూ కట్టిన చెక్క చీటీలు అక్కడి రాజభవనం తవ్వకాలలో దొరికాయి. 1408లో దక్షిణదేశాల ఓడ ఒకటి జపాను పాలకుడికి కానుకగా ఏనుగును తెచ్చి దింపినది కూడా ఒబామా రేవులోనే. జపాను గడ్డ మీద అడుగు పెట్టిన మొదటి ఏనుగు అదేనంటారు. దాన్ని చూసి ఈ వూరి పిల్లలు ఎంత కేరింతలు కొట్టి వుంటారో వూహించుకోండి.

పళ్ళెంలో పక్కన వున్న గోధుమరంగు ముక్కలను మరచిపోయాం. వాటి పేరు హేషికో. సబాను ముందు ఉప్పులో ఊరవేసి, తరవాత పీపాలో బియ్యపు తవుడు మధ్య వరసలుగా పేర్చి, పైన బరువైన రాళ్ళు పెట్టి, ఏడాదికి తక్కువ కాకుండా వుంచుతారు. మన ఇంట్లో ఆవకాయ జాడీ ఎలాగో వాళ్ళ ఇంట్లో ఆ పీపా అలాగ. తవుడులోని మంచి సూక్ష్మజీవులు పులుపును పుట్టించి చెడ్డవాటిని రానివ్వవు. మెల్లగా చేప మాంసకృత్తులు విడిపోయి కొత్త రుచి వస్తుంది. ఈ ముక్కలు చాలా ఉప్పన. చిన్న ముక్క కొరికి, పెద్ద ముద్ద అన్నం తినాలి. మంచు కురిసి, సముద్రం మీదికి పడవ పోలేని చలికాలంలో ఈ పీపాలే ఆ ఇళ్ళకు ధైర్యం.

“జపానువారు పచ్చి చేప తింటారు గదా, ఇదేమిటి అన్నీ కాల్చినవీ ఊరినవీ?” అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. సముద్రంలో పట్టిన సబాలో ఒక సన్నని పురుగు వుండవచ్చు. అది మనిషి కడుపులోకి పోతే విపరీతమయిన నొప్పి పుడుతుంది. ఉప్పుకూ వెనిగరుకూ అది చావదు. బాగా వండాలి, లేదా సున్నకు కింద 20 డిగ్రీల చలిలో ఒక రోజంతా వుంచాలి. అందుకే ఈ చేపను వెదురు పుల్లకు నిలువునా గుచ్చి, మొత్తంగా నిప్పు సెగకు కాల్చి, అల్లమూ సోయా రసమూ వేసుకుని తినడం ఒబామాలో అలవాటు. మన ముందున్నది అదే.

చేపకు మిగిలిన ప్రశ్న ఒక్కటే: “నువ్వు ఏ సముద్రం దానివి?”

ఈ ప్రశ్న అడిగితే చాలా రోజులు సరయిన జవాబు రాదు. ఎందుకంటే, ఒబామాలో కాల్చే సబా, పీపాలలో ఊరే సబా ఇప్పుడు చాలావరకు ఐరోపాలోని నార్వే నుంచి గడ్డకట్టించి తెచ్చినది. సబా బాటకు మొదలయిన వూరికే సబా కరువయింది! ఒబామాకు చేరిన తగరాసు అనే బెస్తపల్లెలో 1970లలో ఏటా వేల టన్నుల సబా వలలో పడేది. 2010లు వచ్చేసరికి అది పేరుకు మాత్రమే మిగిలింది.

ఇలా అవడానికి కారణాలు ఒకటి కాదు. సముద్రపు నీటి వేడి మారితే చేపల గుంపులు దారి మారుస్తాయి. గుంపు మొత్తాన్ని చుట్టేసే పెద్ద వలలు వచ్చాయి. ఒకే గుంపును ఎన్నో పడవలు, ఎన్నో దేశాల పడవలు వెంటాడతాయి. గుడ్లు పెట్టేంత వయసు రాకముందే పట్టేస్తే మరుసటి ఏటికి పిల్లలెక్కడివి? గాదెలోని విత్తనాలు వండుకు తిన్న రైతు కథ మీకు తెలిసినదే. ఉప్పు వెయ్యడం, తవుడులో ఊరవెయ్యడం, కాల్చడం, ఇన్ని విద్యలు తెలిసిన వూరికి కూడా చేప లేకపోతే ఆ విద్యలు నిలవవు.

అయితే ఒబామావారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2001లో ఆహారమే ఆధారంగా వూరిని బాగుచేసుకోవాలని ఒక శాసనం చేసుకున్నారు. బడి ఈడు రాని పిల్లలు కూడా చిన్న కత్తి పట్టుకుని కూర తరిగి, తమ చేతులతో వంట నేర్చుకునే ఏర్పాటు చేశారు. 2016లో తగరాసు దగ్గర సముద్రంలో వలల దొడ్లు కట్టి సబాను పెంచడం మొదలుపెట్టారు. మేతలో క్యోటోలో బియ్యపు మద్యం తీయగా మిగిలిన పిప్పిని కలుపుతారు. అందుకని దానికి “తాగుబోతు సబా” అని పేరు పెట్టారు. చేపలు తూలవులెండి! పూర్వం ఈ బాటన చేప క్యోటోకు పోయేది. ఇప్పుడు క్యోటో నుంచి చేపకు మేత వస్తున్నది. మేత మనిషి చేతిలో వుంది కాబట్టి ఆ పురుగు భయం కూడా చాలా తగ్గింది. పెంచిన చేప మేతలో సముద్రపు చిన్న చేపల పొడి కూడా వుంటుంది గనుక, దీనితో కష్టమంతా తీరిందనడానికి లేదు. సముద్రాన్ని కాపాడుకోవలసిన పని అలాగే వుంది.

పెద్దల సంగతి అయింది. ఇక బడిపిల్లల సంగతి వినండి.

ఒబామాలో చేపల విద్య నేర్పే ఉన్నత పాఠశాల ఒకటి వుండేది. దాని మొదలు 1895లో. అక్కడి విద్యార్థులు సబాను డబ్బాలలో నిలవచేయడం నేర్చుకునేవారు. 2006లో ఆ బడి డబ్బాల తయారీకి హాసప్ అనే శుభ్రతా పద్ధతి కింద అనుమతి వచ్చింది. ఆ పద్ధతి మొదట అమెరికా వ్యోమగాముల ఆహారం కోసం ఏర్పడినదని ఉపాధ్యాయుడు పాఠంలో చెప్పాడు. అది విన్న ఒక విద్యార్థికి, “అలాగయితే మన డబ్బా రోదసిలోకి వెళ్ళలేదా?” అని సందేహం వచ్చింది.

ఉపాధ్యాయుడు నవ్వి వూరుకోలేదు. నలభై ఏళ్ళకు దగ్గరగా పిల్లల మధ్య గడిపిన నాకు, ఆయన చేసిన గొప్ప పని ఇదేననిపిస్తుంది. ప్రయత్నం మొదలయింది. రోదసిలో బరువు తెలియదు కాబట్టి డబ్బాలోని రసం చుక్కలు చుక్కలుగా ఎగిరి యంత్రాల మీద పడవచ్చు. దాన్ని చిక్కబరచాలి. అందుకు పిల్లలు సబా బాట మీది కుమగవాలో, ఒక తీగ దుంప నుంచి తీసే పిండిని వాడారు. అది మన పాలగుండ వంటిది. రోదసిలో నాలుకకు రుచి మందంగా తెలుస్తుంది గనుక ఉప్పూ తీపీ కాస్త పెంచారు. ఒక తరగతి వాళ్ళు చదువు ముగించి వెళ్ళిపోతే, తరవాతి తరగతి వాళ్ళు ఆ రాతపుస్తకాలు అందుకునేవారు. 2013లో ఆ బడి వకాసా ఉన్నత పాఠశాలలో కలిసిపోయింది. పని మాత్రం ఆగలేదు. 2018లో జపాను రోదసి సంస్థ ఆ డబ్బాను వ్యోమగాముల ఆహారంగా ఒప్పుకున్నది. 2020 నవంబరులో నొగుచి సోయిచి అనే వ్యోమగామి, భూమికి సుమారు 400 కిలోమీటర్ల పైన తిరుగుతున్న అంతర్జాతీయ రోదసి కేంద్రంలో, దాన్ని తెరిచి తిన్నాడు. మొదట ప్రశ్న అడిగిన విద్యార్థి బడి విడిచి అప్పటికి చాలా ఏళ్ళయింది.

మన వైపు ఇలాంటి వూళ్ళు లేకపోలేదు. బాపట్ల, మచిలీపట్నం, కాకినాడ, భీమునిపట్నం దగ్గర చేపలు పట్టే పల్లెలున్నాయి. అక్కడి తాతలకు ఏ నెలలో ఏ చేప వస్తుందో, ఏది ఎలా ఎండబెట్టాలో తెలుసు. ఈ వేసవి సెలవులలో అటు వెళితే, కానాగంత వెనుకటిలా వస్తున్నదా అని వారిని అడగండి. వాళ్ళు చెప్పినది ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. చేప తిననివారు మీ ఇంటి ఊరగాయ సంగతి, బియ్యం సంగతి అడిగి రాయండి. బడి తెరిచాక ఆ పుస్తకాన్ని మీ ఉపాధ్యాయుడికి చూపించండి.